మూత తియ్యండి మహాప్రభో!

"మీ ఇంట్లో అక్వేరియం ఉందా అండీ?" అని ఎవరైనా అడిగితే, "లేదు, చేపలున్నాయి" అంటాను. అడిగినవాళ్ళు నవ్వేసి ఊరుకుంటారు. నేను నవ్వులాటకి అనడం లేదు. అక్వేరియం వేరు, చేపలు వేరు. మొదటిది సోఫాసెట్టుకీ, షోకేసుకీ, ప్లాస్టిక్ పూలకుండీకీ తోబుట్టువు. రెండోవి ప్రాణమున్నవి. ఈ తేడా తెలుసుకోవడానికి నాకు ఏడు ప్రాణాలు ఖర్చయ్యాయి.

అది 2016 వేసవి. అప్పటికింకా మా బాన్సువాడ నిజామాబాదు జిల్లాలోనే ఉంది. కామారెడ్డి జిల్లాలోకి వచ్చింది ఆ అక్టోబరులో. మంజీర మనదాకా రాకముందు దాటి వచ్చే లాతూరు జిల్లా ఉందే, ఆ లాతూరు పట్నానికి ఆ ఏప్రిల్‌లో రైలు మీద నీళ్ళు మోసిన ఏడాది అది. అలాంటి ఏడాది మేము ఇంట్లో నీళ్ళతొట్టి పెట్టుకున్నాం! మావాడు నాలుగో తరగతి బాగా పాసయ్యాడని వాళ్ళ నాన్నగారి బహుమానం. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, పదిహేనంగుళాల ఎత్తు. పైన నిగనిగలాడే నల్లటి పెట్టెలాంటి మూత. ఆ మూతలోనే రెండు ట్యూబులైట్లు, వాటి చోకులూ. లోపల ఏడు గోల్డ్ ఫిష్.

"ఏం ఫికర్ చెయ్యకున్రి అక్కా. పొద్దుగాల నాలుగు గింజలెయ్యిన్రి, లైటేసి పెట్టున్రి, షోకు మంచిగుంటది" అన్నాడు అమ్మినాయన. షోకు మంచిగానే ఉంది. పొద్దున్న వేసిన లైటు రాత్రి పడుకునేటప్పుడు ఆర్పేవాళ్ళం.

పదోరోజు మధ్యాహ్నం హైదరాబాదు నుంచి చుట్టాలొచ్చారు. చేపలన్నీ పైకి చేరి, మూతులు నీటి అంచుకి ఆనించి, టపటపలాడిస్తున్నాయి. "అబ్బ, ఎంత ముచ్చటగా ముద్దులు పెడుతున్నాయో!" అని చుట్టాలావిడ మురిసిపోయింది. నేనూ మురిసిపోయాను. ఫొటోలు కూడా తీసుకున్నాం. అవి ముద్దులు కావు, ఊపిరాడక గాలికోసం నోళ్ళు తెరవడం అని మాలో ఒక్కరికీ తోచలేదు. తెల్లారేసరికి మూడు, సాయంత్రానికి నాలుగు తేలాయి. మావాడు ఆ రాత్రి అన్నం ముట్టలేదు. "మనం రోజూ తిండి పెట్టినం గదమ్మా, ఎందుకు చచ్చిపోయినయి?" అన్నాడు.

మన ఏడు చేపల కథ గుర్తుందా? ఒక చేప ఎండలేదని గడ్డిమోపునీ, ఆవునీ, చివరికి చీమనీ నిలదీశారు. మా ఇంట్లో ఏడుకి ఏడూ ఉడికిపోతే, నిలదియ్యడానికి నేను తప్ప ఎవరూ లేరు. సరే, నేనే మొదలుపెట్టాను.

చేపనడిగితే నీళ్ళమీద చెప్పింది. చేప ఒళ్ళు మనలాగా ఎప్పుడూ ఒకే వేడిమీద ఉండదు. నీళ్ళెంత వేడో అదీ అంతే. గోల్డ్ ఫిష్‌కి 18 నుంచి 24 డిగ్రీల దాకా హాయి. నీళ్ళు వేడెక్కేకొద్దీ దాని ఒంట్లో పనులన్నీ జోరెక్కి ఎక్కువ ప్రాణవాయువు కావాలంటుంది. వేడి నీళ్ళేమో తక్కువ ఇస్తాయి. 20 డిగ్రీల దగ్గర లీటరు నీళ్ళు 9 మిల్లీగ్రాముల పైచిలుకు ప్రాణవాయువుని పట్టుకోగలిగితే, 30 దగ్గర ఏడున్నర, 35 దగ్గర ఏడుకూడా ఉండదు. ఖర్చు పెరిగిన నెలలోనే జీతం కోసేస్తే సంసారం ఎలా ఉంటుందో మనకి ఒకరు చెప్పాలా?

నీళ్ళనడిగితే దీపంమీద చెప్పాయి. మా తొట్టిలో పట్టేది అరవై లీటర్లు. రెండు ట్యూబులైట్లూ కలిసి నలభై వాట్లు. ఆ కరెంటంతా వేడిగా మారి ఎటూ పోకుండా నీళ్ళలోకే దిగితే, పది గంటల్లో అయిదారు డిగ్రీలు పెరుగుతాయి. చోకుల వేడి దీనికి అదనం.

దీపాన్ని అడిగితే మూతమీద చెప్పింది. "నా వేడి నేను గదిలోకి వదిలేద్దును, నన్ను డబ్బాలో పెట్టి మూశారు" అంది. అసలు దోషి ఇక్కడ దొరికాడండీ! మూత రెండు పాపాలు చేస్తుంది. దీపం వేడిని బయటికి పోనివ్వదు. అంతకన్నా ఘోరం, నీటి ఆవిరిని పోనివ్వదు. బాన్సువాడ ఆడవాళ్ళకి ఆవిరి సంగతి శాస్త్రవేత్తలొచ్చి చెప్పక్కర్లేదు. రంజన్లో నీళ్ళు ఎందుకు చల్లబడతాయి? మట్టిలోంచి చెమర్చి, ఆవిరై పోతూ పోతూ వేడిని వెంట తీసుకుపోతాయి గనక. ఒక్క లీటరు ఆవిరవడానికి పట్టే వేడిని తొట్టి నీళ్ళలోంచే తీస్తే, బయటి వేడి మళ్ళీ చొరబడకుంటే, అరవై లీటర్లు దాదాపు పది డిగ్రీలు చల్లబడతాయి. అంతటి ఉపకారిని మనం మూత వేసి బంధించాం!

ఇదంతా నేను పుస్తకాలు తిరగేసి తెలుసుకున్నాను. మా అత్తమ్మ మాత్రం పడకకుర్చీలోంచి లేవకుండానే తేల్చేసింది. "నీళ్ళమీద మూత, మూత కింద దీపం. మంట మీద పెడితేంది, కింద పెడితేంది? కుడుములు ఉడకబెట్టినట్టే గద బిడ్డా!"

మరి మూత ఎందుకు పుట్టింది? దాని వాదమూ వినాలి. చేపలు ఎగిరి బయట పడకుండా, బల్లులు లోపల పడకుండా, దుమ్ము రాలకుండా కాపాడుతుంది. చలిదేశాల్లో అయితే నీళ్ళ వెచ్చదనం పోకుండా కూడా చూస్తుంది. అక్కడది దుప్పటి. మే నెలలో ఊరంతా నిప్పులకొలిమి అయ్యే చోట అదే దుప్పటిని నిండా కప్పి, "చలి వేయడం లేదు కదా?" అని అడగడం ఏం న్యాయం?

ఈ మాట అంటే ఊరుకునేవాళ్ళు లేరు. మొదటి అభ్యంతరం మావారిదే. "ఇప్పుడన్నీ ఎల్‌ఈడీలు, వేడే ఉండదు" అంటారు. ఉండకేం? పాత గుండ్రటి బల్బు కరెంటులో నూటికి తొంభై వంతుల పైన వేడి చేసేది. ఎల్‌ఈడీ దానికంటే ఎంతో నయం, కాదనను. కానీ అందులోనూ సగానికి పైగా వేడిగానే పోవడం మామూలు. ఆ వేడి వెలుగుతోపాటు ముందుకి రాదు, దీపం వెనక చేరుతుంది. వీపున లోహపు రెక్కలు పెట్టేది అందుకే. వాటికి గాలి తగలకుండా మూసేస్తే నీళ్ళూ వెచ్చబడతాయి, దీపమూ త్వరగా చస్తుంది. నీళ్ళలో పడిన వెలుగు కూడా చివరికి వేడిగానే మిగులుతుంది.

రెండో అభ్యంతరం పక్కింటి వదినగారిది. "వాస్తుకి పెట్టుకున్నాం, రాత్రంతా లైటు వెలగాలి వదినా" అంటుంది. ఇంటికి శాంతి రావాలని, ఇంట్లో ఉన్నవాటికే నిద్ర లేకుండా చేస్తారా? చేపలకి రెప్పలు లేవు, కళ్ళు మూసుకోలేవు. చీకటే వాటికి రెప్ప.

మూడోది అందరూ అనేది. "చేపలే కదా, పోతే మళ్ళీ తెచ్చుకుందాం. ఎంతని?" నాకు ఒళ్ళు మండేది ఈ మాటకే. గోల్డ్ ఫిష్ చక్కగా చూసుకుంటే పదేళ్ళు పైనే బతుకుతుంది. దాన్ని పది రోజుల్లో ఉడికించి, ఆదివారం ఇంకోటి కొనిచ్చి, పిల్లలకి మనం నేర్పుతున్నదేమిటి? ప్రాణానికీ బ్యాటరీకీ తేడా లేదనా? మావాడు అడిగిన ప్రశ్నకి కొత్త చేప జవాబు కాదు.

ఒక్క నిజం ఒప్పుకుందాం. ఆ దీపం చేపకోసం కాదు, మనకోసం. తొట్టిలో బతికిన మొక్కలుంటే వాటికి వెలుగు కావాలి. చేపకి గదిలో ఉన్న పగటి వెలుతురు చాలు. చుట్టాలొచ్చినప్పుడు మెరవాలని మనం వేస్తాం. వేడక్కడ, వేడుక ఇక్కడ.

గాజుతొట్టి పుట్టింది చూపుకోసం కాదండీ, అర్థం చేసుకోవడం కోసం. 1832లో సిసిలీ దీవిలో గాజుతొట్లు చేయించి, సముద్రపు నీళ్ళు నింపి, ఆక్టోపస్ జాతి జీవుల బతుకుని పరిశీలించింది ఒక ఆడమనిషి. పేరు జాన్ విలెప్రో పవర్. చెప్పులు కుట్టేవారి కూతురు, పారిస్‌లో బట్టల కుట్టుపని చేసి బతికింది. ఆ జీవి తన గవ్వని తానే కట్టుకుంటుందా, ఇంకొకరిది ఎత్తుకొస్తుందా అని పండితులు తగువులాడుతుంటే, తానే కట్టుకుంటుందని కళ్ళారా చూసి తేల్చింది. ఆవిడ తొట్టిలోకి చూసింది ప్రాణిని. మనం చూస్తున్నది ఫర్నిచరు.

సరే, తిట్టడం అయింది, మరి చెయ్యవలసిందేమిటి? పెద్ద ఖర్చేమీ లేదు. ఎండాకాలం ఆ నల్లమూత తీసి అటకమీద పడెయ్యండి. చేపలు ఎగరకుండా, బల్లి పడకుండా దోమతెర గుడ్డనో సన్నని జాలీనో బిగించండి. దీపాన్ని నీటికి జానెడు ఎత్తున వేలాడదీయించండి. మూత ఉండి తీరాలంటే వెనకవైపు గాలి ఆడేలా కోయించి, చోకుని బయటికి తీయించండి. ఆవిరికి తుప్పుపట్టే హోల్డరు షాకు కొడుతుంది. ప్లగ్గు పీకనిదే తొట్టిలో చెయ్యి పెట్టొద్దు, పిల్లల్ని పెట్టనివ్వొద్దు. నీటిమీదుగా అడ్డంగా గాలి వీచేలా చిన్న ఫ్యాను పెట్టండి. పొడి ఎండల్లో రెండు మూడు డిగ్రీలు దిగడం నేను చూశాను. ఆవిరైన నీళ్ళకి బదులు, ముందురోజు పట్టి ఉంచిన నీళ్ళు పొయ్యండి. గాలిపంపు ఆపకండి. లైటు సాయంత్రం నాలుగైదు గంటలు చాలు. కంగారుపడి ఐసుగడ్డలు మాత్రం వెయ్యకండి, వేడి చంపనిదాన్ని ఆ హఠాత్తు చలి చంపుతుంది. అన్నిటికంటే ముందు ఒక ధర్మామీటరు కొనండి. జ్వరం వస్తే పిల్లవాడి నుదుటిమీద చెయ్యి వేస్తాం. చేపకి నుదురు లేదు.

ఈ మాటలు రాస్తుంటే నాకింకో మూత గుర్తుకొస్తోంది. హాల్లో కూలరు, పడకగదిలో ఏసీ, వంటింట్లో మాత్రం దుమ్ము పడుతుందని మూసిన కిటికీ, పొయ్యి ఆరుతుందని ఆపిన ఫ్యాను. ఆ పెట్టెలో నిలబడి మనం నోరు తెరిచి గాలి పీలిస్తే, హాల్లోంచి "వాసన ఘుమఘుమలాడుతోంది!" అని మెచ్చుకుంటారు. మా చుట్టాలావిడ ముద్దులని మురిసినట్టే. ఉడికే బతుకు ఎలా ఉంటుందో ఎరిగిన మనమే ఇంకో ప్రాణిమీద మూత పెట్టకూడదు కదా!

ఇప్పుడు మా తొట్టికి మూత లేదు, జాలీ ఉంది. దీపం సాయంత్రమే. గోల్డ్ ఫిష్ మళ్ళీ తేలేదు, మా ఊరి ఎండకి కాస్త ఓర్చుకునే గప్పీలు తెచ్చాం. చూడవచ్చినవాళ్ళు "పైన ఆ బోసి ఏమిటండీ, షోకు లేదు!" అంటారు.

"షోకు లేదు, శ్వాస ఉంది" అంటాను.