ఫోను పంపితే చాలదు, కరెంటు సంగతీ చూడాలి

పట్నం కంపెనీల కొలువు పల్లెటూరి ఇంటి గడప తొక్కింది. ఖాతాదారులతో ఫోనులో మాట్లాడి వారి సందేహాలు తీర్చే ఉద్యోగాన్ని ఊళ్లోనే ఉండి చేసుకోవచ్చు. డిగ్రీ చదివి, పెళ్లయి, పట్నం వెళ్లలేని ఆడపిల్లలకు ఇది పెద్ద ఆసరా. కొన్ని కంపెనీలు ఇందుకోసం బల్ల మీద పెట్టుకునే ఇంటర్నెట్ ఫోనును ఉద్యోగి ఇంటికే పంపుతాయి. అంతవరకు బాగానే ఉంది. అయితే ఫోను పంపి చేతులు దులుపుకుంటే ఈ కొలువులు పల్లెల్లో నిలవవు.

ఈ అవకాశం ఊరికే రాలేదు. 2020కి ముందు కాల్ సెంటర్ ఉద్యోగి చేత ఇంటి నుంచి పని చేయించాలంటే కంపెనీ కోటి రూపాయల వరకు పూచీకత్తు చూపాల్సి వచ్చేది. కరోనా కారణంగా 2020 మార్చిలో కేంద్ర టెలికాం శాఖ దీనిని తాత్కాలికంగా సడలించింది. అదే ఏడాది నవంబరు 5న కొత్త మార్గదర్శకాలు వచ్చాయి. బ్యాంకు గ్యారంటీ పోయింది. దేశంలో ఎక్కడ కూర్చునైనా పని చేయవచ్చని తేలింది. 2025 ఫిబ్రవరిలో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు కూడా మహిళలకు ఇంటి నుంచి పనిని పెద్దఎత్తున ప్రోత్సహిస్తామని ప్రకటించారు.

చట్టం అడ్డు తొలగింది. ఇక మిగిలింది తీగ, కరెంటు.

పాత టెలిఫోను గుర్తున్న వారికి ఒక సంగతి తెలుసు. ఊరంతా చీకటైనా ఆ ఫోను మోగేది. దానికి కావలసిన కరెంటు ఎక్స్ఛేంజిలోని బ్యాటరీల నుంచి, మాట వచ్చే తీగలోనే వచ్చేది. ఇంటర్నెట్ ఫోను అలా కాదు. చూడటానికి పాత ఫోనులాగే ఉన్నా లోపల అది చిన్న కంప్యూటరు. ఇంట్లో కరెంటు పోతే ఫోనూ ఆగుతుంది, దానికి ఇంటర్నెట్ అందించే రౌటరూ ఆగుతుంది.

ఆఫీసులో ఈ ఇబ్బంది కనిపించదు. అక్కడ ప్రత్యేకమైన స్విచ్ పెట్టె ఉంటుంది. అది ఇంటర్నెట్ తీగలోనే ఫోనుకు కరెంటు కూడా పంపుతుంది. వెనుక జనరేటరు ఉంటుంది. అందువల్ల చాలా రకాల ఫోన్లను విడిగా అడాప్టరు లేకుండానే అమ్ముతారు. అదే ఫోను పల్లెకు వస్తే పెట్టె విప్పిన రోజే వెలగదు. పైగా ఇలాంటి ఫోన్లలో చాలావాటికి వైఫై ఉండదు. రౌటరు వసారాలో, బల్ల లోపలి గదిలో ఉంటే మధ్యన తీగ లాగాల్సిందే. వేల రూపాయల ఫోను పంపి అడాప్టరు, తీగ దగ్గర లెక్క చూసుకోవడం ఏనుగును ఇచ్చి అంకుశం దగ్గర తగువు పెట్టుకున్నట్టే.

వందల మందికి ఫోన్లు పంపే కంపెనీకి ఈ పని కష్టమేమీ కాదు. ప్రతి ఫోనుకూ ఒక యంత్ర సంఖ్య ఉంటుంది. దానిని ముందే కంపెనీ సర్వరులో నమోదు చేస్తే, ఉద్యోగి తీగ తగిలించగానే ఫోను తన నంబరును, అమరికలను తానే తెచ్చుకుంటుంది. ఇంట్లోవారు నొక్కవలసిన మీటలు పెద్దగా ఉండవు. ఒక సంభాషణకు ఇంటర్నెట్ వేగం సెకనుకు 100 కిలోబిట్లు రానూ పోనూ ఉంటే సరిపోతుంది. అంటే పల్లెలో వేగం తక్కువని వెనుకాడనక్కరలేదు. కావలసింది నిలకడ. మాట అవతలికి చేరడానికి సెకనులో ఏడో వంతు కంటే ఎక్కువ ఆలస్యమైతే ఇద్దరూ ఒకరి మాటకు ఒకరు అడ్డం పడుతుంటారు. కొన్ని రౌటర్లలో సిప్ ఏఎల్‌జీ అనే అమరిక వల్ల మాట ఒకవైపే వినిపిస్తుంది. కేబుల్ ఆపరేటరు దాన్ని ఆపితే సాధారణంగా సరిపోతుంది. ఈ సంగతి ఆపరేటరుకు చెప్పేవారే ఉండరు.

ఇంట్లో కరెంటు మా చేతిలో లేదని కంపెనీలు అనవచ్చు. నిజమే. కానీ ఆఫీసులో జనరేటరుకు డీజిలు పోసింది ఎవరు? ఉద్యోగి జీతంలో కోసి పోయలేదు గదా! ఉద్యోగి ఇంటికి వెళ్తే కంపెనీకి భవనం అద్దె, కరెంటు బిల్లు కలిసివస్తాయి. ఆ మిగులులో కొంత చిన్న బ్యాటరీకి పెట్టడం ధర్మం. ఫోను, రౌటరు రెండూ కలిసి ఒక ఎల్‌ఈడీ బల్బు తిన్నంత కరెంటే తింటాయి. రెంటికీ సరిపడే బ్యాటరీ ఒకటి ఉంటే రెండు మూడు గంటల కోత గట్టెక్కవచ్చు. కోత అంతకు మించితే పిలుపులు ఉద్యోగి సెల్‌ఫోనుకు మళ్లేలా ఏర్పాటు ఉండాలి. ఇవేవీ చేయకుండా, కరెంటు లేని గంటలకు జీతం కోస్తే అది అన్యాయం.

మన వైపు బాధ్యత కూడా ఉంది. 2017 డిసెంబరు 27న నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఏపీ ఫైబర్‌నెట్ నెలకు 149 రూపాయలకే టీవీ, ఇంటర్నెట్, ఫోను ఒకే తీగలో ఇస్తామంది. ఆ తీగలు కరెంటు స్తంభాల మీదుగా వెళ్తాయి. గాలివానకు తెగితే ఎన్ని గంటల్లో అతుకుతారో ఆపరేటర్లు ముందే మాట ఇవ్వాలి. మరమ్మతుల కోసం చేసే కోతల వేళలను విద్యుత్ సిబ్బంది ఒకరోజు ముందుగా ఊళ్లో తెలపాలి. పంచాయతీలు ఇన్వర్టరు ఉన్న ఒక గదిని ఇలాంటి ఉద్యోగులకు కేటాయించవచ్చు.

కొలువులో చేరే పిల్లలు సంతకం పెట్టే ముందే నాలుగు మాటలు అడగాలి. అడాప్టరు ఎవరిది? బ్యాటరీ ఎవరిది? నెల ఇంటర్నెట్ బిల్లు ఎవరిది? కరెంటు పోయిన గంటలకు జీతం ఉందా? జవాబులు కాగితం మీద తీసుకోవాలి. మరో జాగ్రత్త. 108, 112కు కంపెనీ ఫోను నుంచి పిలిస్తే అక్కడ మన ఊరి చిరునామా కనిపించకపోవచ్చు. అలాంటి అవసరానికి సెల్‌ఫోనే వాడాలి.

ఫోను కంపెనీ పనిముట్టు. పనిముట్టు నడిచేలా చూసే భారం పని ఇచ్చినవారిదే. ఆ భారాన్ని పల్లె పిల్లల నెత్తిన పెడితే, ఇంటికి వచ్చిన కొలువు మళ్లీ పట్నం బస్సెక్కుతుంది. కంపెనీలు, విద్యుత్ అధికారులు, పంచాయతీలు ఆ పరిస్థితి రానివ్వరాదు.