ముప్పై రూపాయల జీతం, సవర మాట

ఆగస్టు 29 వాడుక భాషా ఉద్యమం నడిపిన గిడుగు రామమూర్తి గారి పుట్టినరోజు. ఏటా అమెరికాలోని మన తెలుగు సంఘంలో పిల్లలచేత పద్యాలు చెప్పిస్తాం, వాడుక భాష గురించి పెద్దలు మాట్లాడతారు. ఆయన జీవితంలో నా మనసుకు బాగా పట్టిన సంగతి మరొకటుంది. ఈసారి అదే రాస్తున్నాను.

తండ్రి చిన్నప్పుడే పోయారు. మెట్రిక్ అవగానే, 1880లో, పర్లాకిమిడి రాజావారి బడిలో మాస్టారుగా చేరారు. నెలకు 30 రూపాయలు. చుట్టూ ఉన్న కొండల్లో సవర గిరిజనులు మాట్లాడే భాష చెవినపడి, దాన్ని నేర్చుకోవాలనిపించింది. నేర్పే పుస్తకమే లేదు. తెలుగూ సవరా రెండూ వచ్చిన మనిషిని ఇంట్లోనే ఉంచుకుని నేర్చుకున్నారు. పగలు బడి, మిగిలిన పొద్దు సవర. తర్వాత ఆ భాషలో వాచకాలు రాశారు, సొంత డబ్బుతో బడులు పెట్టి, పంతుళ్లకు జీతాలిచ్చారు. మలేరియా అడవుల్లో తిరిగి, క్వినైన్ మింగి మింగి వినికిడి పోగొట్టుకున్నారు. ఒక భాషను చెవితో పట్టి, అక్షరంలో పెట్టడానికి బతుకంతా వెచ్చించిన మనిషికి జరిగిన నష్టం అది. తలుచుకున్నప్పుడల్లా మనసు కలుక్కుమంటుంది.

1911లో ఉద్యోగం ముగిసింది. సవర పని ముగియలేదు. వ్యాకరణం 1931లో, నిఘంటువు 1938లో అచ్చయ్యాయి. అప్పటికి ఆయనకు డెబ్బై అయిదేళ్లు.

ఇదంతా ఇప్పుడెందుకంటే, ఈ ఏడాది మన సభ్యుల ఇళ్లలో నేను పదేపదే విన్న ప్రశ్న ఒకటే. “ఉద్యోగం సగం చేసుకుని నాట్యం నేర్పుతాను”, “ఇష్టమైన పని వారానికి మూడు రోజులు చేస్తే చాలు కదా” అని పిల్లలంటారు. “ముందు కుదురుగా ఉద్యోగం చెయ్యి” అని తల్లిదండ్రులంటారు. ఇద్దరి మాటలోనూ న్యాయముంది. మనలో చాలామంది హెచ్-1బి వీసా మీద వచ్చినవాళ్లం. వీసా తెచ్చిన కంపెనీని దాటి, అనుమతి లేకుండా బయట పని చేసి పది డాలర్లు సంపాదించినా వీసా నిబంధనల ఉల్లంఘనే. ఉద్యోగం పోతే మరోటి వెతుక్కోవడానికి 60 రోజులు. ఆ గడువు లెక్కపెట్టుకుంటూ నిద్రపట్టని రాత్రులు గడిపిన అమ్మానాన్నలు “కుదురు” అంటే దాని వెనక భయం ఎంతుందో పిల్లలకు తెలియాలి.

ఈ ప్రశ్న మనసులో ఉండగానే, మొన్న సెలవుల్లో మా ఊరు పాలకొండ వెళ్లినప్పుడు కొండల్లోని సీతంపేట ఎక్కాను. అక్కడి సంత చూస్తే గిరిజన ఏజెన్సీలో ఏడాది పొడవునా ఒకే పని అనేది ఎంత అరుదో అర్థమవుతుంది. చలికాలం చివర కొండచీపుళ్లు, పసుపు. ఎండలు ముదిరేసరికి చింతపండు, జీడిపిక్కలు. తొలకరికి అనాసపళ్లు కావిళ్లలో దిగుతాయి. వానలు వెనకపట్టాక సీతాఫలం. మధ్యలో పోడు, ఉపాధి హామీ పని. ఏ ఒక్కటీ ఇంటికి చాలదు, అన్నీ కలిస్తేనే ఏడాది గడుస్తుంది.

అక్కడ ఒక సవర కుర్రాడి ఇంట్లో కూర్చున్నాను. ఆశ్రమ పాఠశాలలో ఔట్‌సోర్సింగ్ పని. రాత్రిళ్లు బొమ్మలు వేస్తాడు. ఎర్రమట్టి అలికిన గోడ మీద, నానబెట్టి నూరిన బియ్యప్పిండితో, కొస నలగ్గొట్టిన సన్నటి పుల్లతో వేసే సవర బొమ్మలు అవి. ముందు చదరం గీస్తాడు. అది ఇల్లు. లోపల సూర్యుడు, చంద్రుడు, చెట్టు, గుర్రమెక్కిన మనిషి, చేతులు పట్టుకుని ఆడేవాళ్ల వరస. వాళ్ల తాతల కాలంలో ఈ బొమ్మ అమ్మకానికి కాదు. ఇంట్లో జబ్బు చేసినా, పెద్దలకు పెట్టుకోవాల్సి వచ్చినా వేసేవారు. వేసినవాడు మర్నాడు పోడుకు పోయేవాడు. ఇప్పుడు గుడ్డ మీదా, కాగితం మీదా వేసి అమ్ముతున్నారు.

“పూర్తిగా ఇదే చెయ్యొచ్చు కదా తమ్ముడూ” అన్నాను.

“బొమ్మేస్తే మనసుకి బాగుంటాది సార్. బడి జీతం లేటైనా వస్తాది. బొమ్మ ఎప్పుడు అమ్ముడవుద్దో ఎవులికి తెలుసు?”

నేను అడిగిన ప్రశ్న తొందరపాటుదని అప్పుడే తెలిసింది. ఏజెన్సీ పిల్లలకు కుదురైన ఉద్యోగమంటే చాలాకాలం పంతులు పోస్టే. మన్యం బడుల్లో ఉపాధ్యాయ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అన్న 2000 నాటి జీవో 3ను 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. అప్పటికే చేరినవాళ్లు నిలిచారు. వెనకొస్తున్నవాళ్లకు ఆ దారి ఇరుకైపోయింది. మన పిల్లలు వదులుకోవాలా వద్దా అని మథనపడే కుదురు, అక్కడ చేతికే అందడం లేదు.

కాబట్టి నా మాట ఇది. అప్పులూ, వీసా, ఇంటి బాధ్యతలూ ఉన్నవాళ్లు జీతం వదలకండి. కానీ మీ ఇష్టమైన పనికి ఒళ్లు అలిసిపోయాక మిగిలిన అరగంట పడేయకండి, దానికో నిఖార్సైన పూట కేటాయించండి. గ్రీన్‌కార్డు వచ్చి, ఇంటి అప్పు తీరి, పదేళ్లకు సరిపడా దాచుకున్నవాళ్లు మాత్రం సగం ఉద్యోగానికి మారడానికి భయపడక్కర్లేదు. తల్లిదండ్రులారా, వాళ్లను ఆపకండి.

ఇక సీతంపేట సంగతి. మన ఉత్సవాలకు ఏటా వేదిక వెనక తెరలు ప్రింటు కొట్టించి, మర్నాడు పారేస్తున్నాం. వచ్చే కార్యవర్గ సమావేశంలో నేను ఒక ప్రతిపాదన పెడుతున్నాను. ఆ తెరల బదులు, సీతంపేటలో వేసేవాళ్ల దగ్గర నెలకు నాలుగు సవర బొమ్మలు కొందాం, ఏడాది పొడవునా, గుడ్డ మీద. డబ్బు ముందే, ప్రతి నెలా ఒకటో తారీకున. వాళ్ల మిగతా బొమ్మలు అమ్ముడైనా కాకపోయినా ఆ తారీకు తప్పకూడదు. మొదటి మూడు నెలల ఖర్చు నేను పెట్టుకుంటాను. నాలుగో నెలకు ఎవరు ముందుకొస్తారో పేరు రాసి పంపండి.