ఇంకో నిమిషం ఉండుంటే

నిజం చెప్పాలంటే 2024 నవంబర్లో టీవీ ముందు కూర్చుంది మైక్ టైసన్ కోసం. తీరా చూస్తే అతని బౌట్ తుస్సుమంది. దానికి ముందు కేటీ టేలర్, అమాండా సెరానో కొట్టుకున్నదే గుర్తుండిపోయింది. తర్వాత వెతుక్కుని వాళ్ళ 2022 మాడిసన్ స్క్వేర్ గార్డెన్ బౌట్ కూడా చూశా. ఐదో రౌండులో సెరానో దెబ్బలకి టేలర్ కాళ్ళు తడబడ్డాయి. ఇంకాసేపుంటే పడిపోయేదేమో. గంట మోగింది! చివరికి స్ప్లిట్ డెసిషన్‌తో టేలరే గెలిచింది.

ప్రొఫెషనల్ బాక్సింగ్‌లో ఆడవాళ్ళ రౌండు మామూలుగా 2 నిమిషాలే, టైటిల్ పోటీ 10 రౌండ్లు. మగవాళ్ళకైతే 3 నిమిషాలు, 12 రౌండ్లు. ఎప్పుడో ఎవరో పెట్టిన డీఫాల్ట్ వేల్యూని ముట్టుకోడానికి భయపడుతున్నట్టుంది నాకైతే.

సెరానో ముట్టుకుంది. 7 వెయిట్ విభాగాల్లో ప్రపంచ టైటిళ్ళు గెలిచిన మనిషి. 2023 అక్టోబర్లో మగవాళ్ళ లెక్క ప్రకారమే 12 రౌండ్లు ఆడి నెగ్గింది. డబ్ల్యూబీసీ ఒప్పుకోకపోతే డిసెంబర్లో వాళ్ళ బెల్టే వదిలేసింది.

ఆరోగ్యం కోసమే అంటారు వాళ్ళు. తలకి తగిలే దెబ్బలు కాబట్టి తీసిపారేయలేను. కానీ మన నిజామాబాద్ నిఖత్ జరీన్ 2022లో అమెచ్యూర్ ప్రపంచ ఛాంపియన్ అయింది 3 నిమిషాల రౌండ్లతోనే కదా? (అక్కడ మూడే రౌండ్లనుకోండి.) కావాలంటే రౌండ్లు తగ్గించండి, నిమిషాలివ్వండి.

2025 జూలైలో మూడోసారి తలపడ్డారు. మళ్ళీ 2 నిమిషాల రౌండ్లే, మళ్ళీ టేలరే. ఆమెని తక్కువ చేయను. ఆ ఐదో రౌండు మాత్రం నన్ను వదలడం లేదు.