చిన్న చెవిలో గొప్ప పని



94వ కీర్తన 9వ వచనంలో భక్తుడు మన చెవిని చూపించి దేవుని గురించి ఆలోచించమంటాడు. ఆ చెవి లోపల ఏముందో ఈ నెల కొంచెం తెలుసుకుందాం.

లోపలి చెవిలో నత్తగుల్ల ఆకారంలో కర్ణావర్తము అనే భాగముంది. అందులో సుమారు 15 వేల రోమకణాలు వరుసలు తీరి ఉంటాయి. ప్రతి కణం తలమీద సన్నని వెంట్రుకల్లాంటి కుచ్చు ఉంటుంది. శబ్దం లోపలి ద్రవాన్ని కదిలించగానే కుచ్చు వంగుతుంది, సూక్ష్మమైన ద్వారాలు తెరుచుకుంటాయి, విద్యుత్ సంకేతం పుడుతుంది. లోపలి వరుస కణాలు ఆ కబురును నరం ద్వారా మెదడుకు పంపుతాయి. బయటి మూడు వరుసల కణాలు తామే పొట్టిగా, పొడుగుగా మారుతూ, సెకనుకు వేలసార్లు కదలగలవు. అలా చిన్న శబ్దాన్ని పెద్దది చేస్తాయి. ఈ కదలికను 1985లో బ్రౌనెల్, ఆయన తోటి శాస్త్రజ్ఞులు లోకానికి తెలిపారు. దానికి ఆధారమైన ప్రెస్టిన్ అనే ప్రోటీను 2000లో బయటపడింది. పసిబిడ్డ చిన్న మూలుగు తల్లికి వినబడడం వీటి చలవే.

అయితే పెద్ద మోతకు ముందుగా దెబ్బతినేవీ ఈ బయటి కణాలే. కోడిపిల్లకు పోయిన కణాలు మళ్లీ పుడతాయి. మనిషికి పుట్టవు.

మన విశాఖలో ఉక్కు కర్మాగారం, ఓడరేవు, షిప్‌యార్డు వేల కుటుంబాలకు అన్నం పెడుతున్నాయి. 85 డెసిబెల్స్ దాటిన మోతలో రోజుకు 8 గంటల చొప్పున ఏళ్ల తరబడి పనిచేస్తే చెవికి ప్రమాదం. మొదట పోయేది సన్నని ధ్వనులు. అందుకే ఆయనకు గొంతు వినిపిస్తుంది గాని మాట తేటగా తెలియదు. అక్కా, పిలిచినా పలకలేదని ఆయన మీద అలగవద్దు. కేకలు వేయక, ఎదురుగా నిలిచి నిదానంగా చెప్పండి. చెవి పరీక్షకు తీసుకెళ్లండి. అన్నా, పనిచోట ఇచ్చే చెవి బిరడాలు జేబులో కాదు, చెవిలో ఉండాలి.

సంఘపెద్దలకూ ఒక మనవి. మద్రాసులోని ఒక సంఘం వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2000 ఆగస్టు 30న తీర్పిస్తూ, పొరుగువారి ప్రశాంతతను చెరిపి ప్రార్థించమని ఏ మతమూ బోధించదన్నది. పొరుగువానిని ప్రేమించవలసిన మనకు ఈ మాట కోర్టు చెప్పవలసి వచ్చింది! సౌండు తగ్గించండి. సండేస్కూలు పిల్లలను స్పీకర్ల పక్కన కూర్చోబెట్టకండి.

హోరేబులో ఏలీయాతో దేవుడు మాట్లాడినది పెనుగాలిలో కాదు, మెల్లని స్వరంతో (1 రాజులు 19). ఆ స్వరానికీ, ఇంటివారి మాటకూ మన చెవులను ప్రభువు కాపాడును గాక. ఆమేన్.