సిరంజి, సిరా, కాస్త ఓపిక
ఇంక్‌జెట్ ప్రింటరు దగ్గర అసలు కంటే కొసరే బరువు. యంత్రం చవగ్గా ఇచ్చి, కొద్ది మిల్లీలీటర్ల సిరా పట్టే కార్ట్రిడ్జ్ మీద కంపెనీలు లాభం పిండుకుంటాయి. అందుకే పటాన్‌చెరు, సంగారెడ్డి వైపు షిఫ్టు జీతం మీద నడిచే ఇంట్లో ఎవరైనా సిరంజి పట్టుకుని రీఫిల్ చేసుకుంటే నేను వాళ్ల పక్షమే. కొన్న వస్తువు మనది. 2017లో ప్రింటర్ల కంపెనీ లెక్స్‌మార్క్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు కూడా, కార్ట్రిడ్జ్ అమ్మేశాక దాని మీద కంపెనీ పేటెంట్ హక్కు చెల్లదనే తేల్చింది. బయట ట్యాంకు తగిలించి పైపులతో సిరా పారించే ఉపాయం మొదట రీఫిల్ చేసేవాళ్లదే. ఆ తర్వాతే ఎప్సన్ తన ఇంక్ ట్యాంక్ ప్రింటరును ఇండోనేషియాలో దించింది, 2010లో. అయితే పనికి ఓపిక కావాలి. లోపలి స్పాంజికి సిరా నెమ్మదిగా పట్టించాలి, తొందరపడితే గాలి బుడగలు చేరి అచ్చులో గీతలు పడతాయి. సిరా చిమ్మే హెడ్ కార్ట్రిడ్జ్‌కే ఉండే రకమైతే పూర్తిగా ఎండకముందే నింపాలి. హెడ్‌ను చల్లబరిచేది ఆ సిరాయే, అది లేకుండా నడిపితే కాలిపోతుంది. మొదటిసారి నేను రంగుల గదులు తారుమారు చేసి, మా అమ్మాయికి కావలసిన భారతదేశ పటాన్ని బురద రంగులో తీశాను. ఒలికిన సిరాను మాత్రం మోరీలో పోయకండి. కాలుష్యం మీద 1990లోనే సుప్రీంకోర్టు దాకా వెళ్లిన పటాన్‌చెరు నక్కవాగు మనది. ఇక నెలకు పది పేజీలు కూడా తీయని ఇల్లయితే రీఫిల్ కూడా దండగే, బస్టాండు దగ్గరి జిరాక్స్ షాపే చవక.