నా ఇష్టాల జాబితాలో మా ఊరెక్కడ?

ఈ మధ్య శ్రీకాకుళం మిత్రుడొకాయన నన్నొక ప్రశ్న వేశారు. "ఇప్పుడు మీకు బాగా ఇష్టమైన పాట ఒకటి, సినిమా ఒకటి, పుస్తకం ఒకటి చెప్పండి. ఎప్పటికీ ఇష్టమైనవి కావు, ఈ రోజుల్లో మీ మనసులో తిరుగుతున్నవి చాలు" అన్నారు. ఇటువంటి ప్రశ్న ఎదురైతే నాకు పండుగే. ఒకటి అడిగితే మూడు చెప్పే అలవాటు కనుక పెద్ద జాబితానే రాసి పంపాను. పాటల్లో 'బలగం' చివర వచ్చే పాట, కిన్నెర మొగిలయ్య గొంతు. సినిమాల్లో 'కేరాఫ్ కంచరపాలెం', 'మల్లేశం', మలయాళం నుంచి 'కుంబళంగి నైట్స్'. పుస్తకాల్లో సత్యం శంకరమంచి 'అమరావతి కథలు', నామిని 'మిట్టూరోడి కతలు', ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కతలు', సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి 'కొండపొలం'.

ఆయన జవాబు ఒక్క వాక్యంలో వచ్చింది: "దాదాపు ప్రతిదానిలోనూ ఒక ఊరుంది, మీ ఊరు మాత్రం లేదు."

నవ్వుతూ అన్న మాటే. అయినా నన్ను వదల్లేదు. జాబితా మళ్ళీ తీసి చూసుకున్నాను. నిజమే. అమరావతి, మిట్టూరు, దర్గామిట్ట, కంచరపాలెం, చివరికి కొచ్చి దగ్గరి కుంబళంగి అనే పల్లె కూడా ఉంది. మార్కాపురం లేదు, కంభం లేదు, గిద్దలూరు లేదు. ఆ మిత్రునికి కాళీపట్నం రామారావు గారి కథానిలయం ఉంది, ఉత్తరాంధ్ర కథకుల వరుస ఉంది. ఆయన ధీమాగా అడగగలరు. నేను ఏమని చెప్పాలి? ఆ జవాబు వెదుక్కునే ప్రయత్నమే ఈ వ్యాసం.

మా ప్రాంతం సంగతి తెలియనివారి కోసం రెండు మాటలు. పాత ప్రకాశం జిల్లాకు పడమటి భాగం మాది. 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు మార్కాపురం, గిద్దలూరు తాలూకాలను కర్నూలు నుంచి తీసి అందులో కలిపారు. 1972లో ఆ జిల్లాకు ప్రకాశం పంతులుగారి పేరు పెట్టారు. అంతకుముందు మేము సీమవాళ్ళం, ఆ తరువాత కోస్తావాళ్ళం. సీమవారికి మా మాట కోస్తా యాసలా వినిపిస్తుంది, కోస్తావారికి సీమ యాసలా వినిపిస్తుంది. పడమటి దిక్కున నల్లమల గోడలా నిలబడి ఉంటుంది. గుంటూరు నుంచి గుంతకల్లు వెళ్ళే రైలు మార్కాపురం రోడ్డు, కంభం, గిద్దలూరు మీదుగా వచ్చి, దిగువమెట్ట దాటాక అడవిలోకి దూరుతుంది. పత్రికల్లో మా ప్రాంతం పేరు కనిపిస్తే చాలాసార్లు అది కరువు వార్తో, ఫ్లోరైడు నీటి వార్తో, పూల సుబ్బయ్య పేరు పెట్టిన వెలిగొండ ప్రాజెక్టు వార్తో అయి ఉంటుంది. మేము వార్తల్లో ఉన్నాం. నేను ఇష్టపడే కథల్లో లేము.

ఇక నా ఇష్టాల గురించి. ముందుగా పాట.

నాకు ఇష్టమైన ఇద్దరు గాయకుల పేర్లూ మొగిలయ్యే. ఒకరు దర్శనం మొగిలయ్య, పన్నెండు మెట్ల కిన్నెర వాయించి కథ పాడే కళాకారుడు, 2022లో పద్మశ్రీ పొందినవారు. ఆయనది నాగర్‌కర్నూలు జిల్లా. అంటే కృష్ణకు ఆవల, నల్లమలకు ఆ వైపు. మాది ఈ వైపు. 2021లో విడుదలైన 'భీమ్లా నాయక్' పాట మొదట్లో ఆయన గొంతు విన్నప్పుడు, కొండ అవతలి నుంచి ఎవరో పిలిచినట్లయింది. రెండవవారు పస్తం మొగిలయ్య. 2023లో వచ్చిన 'బలగం' చివర భార్య కొమురమ్మతో కలిసి పాడి, సినిమాహాలు మొత్తాన్నీ ఏడిపించిన మనిషి. 2024 డిసెంబరులో కన్నుమూశారు.

ఈ రెండు పాటలనూ పక్కపక్కన పెట్టి చూస్తే నాకొక తేడా కనిపిస్తుంది. మొదటి పాటలో కిన్నెర కథానాయకుని రాకకు తోరణం వంటిది. తోరణం అందంగానే ఉంది. కానీ కథానాయకుడు రాగానే దాని పని అయిపోతుంది. రెండవ పాటలో అలా కాదు. కథలోని కుటుంబమంతా కింద కూర్చుని ఆ దంపతులు పాడేది వింటుంది. అప్పటిదాకా ఎవరూ విప్పలేని చిక్కు అక్కడే విడిపోతుంది. ఆ పాట తీసేస్తే 'బలగం' లేదు. ఒక ప్రాంతపు కళను సినిమా వాడుకోవడానికీ, సినిమా ఆ కళ ముందు కూర్చోవడానికీ మధ్య ఉన్న తేడా ఇదే. నా ఇష్టాలకు కొలబద్ద కూడా ఇదే అని ఈ జాబితా రాశాకే తెలిసింది.

ఇక సినిమాలు. వెంకటేశ్ మహా తీసిన 'కేరాఫ్ కంచరపాలెం' 2018లో వచ్చింది. తెర మీద కనిపించేవారిలో ఎక్కువమంది ఆ విశాఖ వాడ మనుషులే. వారు నటిస్తున్నారని నాకు ఒక్కసారీ అనిపించలేదు. 2019లో రాజ్ రాచకొండ తీసిన 'మల్లేశం' మరొక రకం. ఆసు పోసి పోసి తల్లి చేయి పడిపోతుంటే చూడలేక ఆసు యంత్రం కనిపెట్టిన చింతకింది మల్లేశం కథ. ఒక చేతిపనిలోని నొప్పి ఎక్కడ ఉంటుందో, ఏ భుజంలో, ఏ కీలులో ఉంటుందో తెలిసి తీసిన సినిమా.

ఈ సినిమాను నేను మా పెదనాన్నకు ఫోనులో చూపించాను. ఆయన పలకల ఫ్యాక్టరీలో పనిచేసినవాడు. మార్కాపురం పలక అంటే ఒకప్పుడు తెలుగునాట పిల్లల చేతుల్లో ఉండే వస్తువు. గనిలోంచి వచ్చిన రాయిని ఉలి పెట్టి పొరలుగా చీల్చాలి, కొలతకు కోయాలి, నునుపు చేయాలి, చెక్క చట్రంలో బిగించాలి. ప్లాస్టిక్ పలకలూ నోటుపుస్తకాలూ వచ్చాక రాతి పలకకు గిరాకీ పడిపోయింది. అదే రాయి ఇప్పుడు ఇళ్ళ గోడలకు, నేలకు అలంకారంగా దూరదేశాలకు వెళుతోంది. ఆ పనిలో చిన్నపిల్లల చేతులూ అరిగాయి. రాతిని కోసేటప్పుడు లేచే సన్నని దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే అక్కడ గట్టిపడిన మచ్చలు కడుతుంది. దాన్నే సిలికోసిస్ అంటారు. ఒకసారి కట్టిన మచ్చ మళ్ళీ పోదు. పెదనాన్న దగ్గు మా ఇంట్లో గోడగడియారం చప్పుడులా ఉండేది. ఆగితేనే తెలిసేది.

ఆయన పెద్ద సినిమా పిచ్చివాడు. రాత్రి ఆట చూసి వచ్చి, మర్నాడు రాయి చీలుస్తూ పక్కనున్నవారికి కథ మొత్తం, పాటలతో సహా చెప్పేవాడు. నాకీ వ్యసనం ఆయన అంటించిందే. ఆ రోజు 'మల్లేశం' చివరిదాకా చూసి, ఫోను నా చేతికిచ్చి, "మగ్గం మీద సినిమా తీసినారే, రాయి మీద ఎవురూ తియ్యలేదా?" అన్నాడు. "తీస్తార్లే పెదనాన్నా" అని నవ్వేశాను. మరుసటి ఏడు ఆయన పోయాడు.

ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగా ఉంటుంది. కంచరపాలెంలో ఎవరు ఎవరిని ప్రేమించారో వరుసగా చెప్పగలను. కుంబళంగి అన్నదమ్ముల నలుగురి స్వభావాలూ విడమరచగలను. పెదనాన్న రాయిని చేతిలోకి తీసుకుని, తట్టి చూసి, ఇది చీలుతుంది, ఇది చీలదు అని ఎలా చెప్పేవాడో మాత్రం నాకు తెలియదు. నేను అడగలేదు. రాతి పొరకు, పొరలోని లోపానికి, ఉలి పెట్టే చోటుకు ఆయన వాడిన మాటలు వేరే ఉండేవి. ఆ మాటలు ఆయనతోనే వెళ్ళాయి.

పుస్తకాల దగ్గరకు వస్తే, నా జాబితాలో మా ఊరికి అతి దగ్గరగా వచ్చింది 'కొండపొలం'. రచయిత సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డిది మాకు పొరుగునున్న కడప జిల్లా. 2019లో తానా నవలల పోటీలో బహుమతి పొందిన నవల ఇది. ఊళ్ళో గడ్డీ నీళ్ళూ కరువైనప్పుడు గొర్రెల కాపరులు మందలను తోలుకుని నల్లమల ఎక్కి, వారాల తరబడి అడవిలోనే ఉండటాన్ని కొండపొలం పోవడం అంటారు. చదువుకుని, ఉద్యోగం దొరక్క ఊరు చేరిన యువకుడు పెద్దలతో కలిసి అలా అడవికి వెళతాడు. నీటిచెలమ ఎక్కడుందో, పులి జాడ ఎలా ఉంటుందో, చీకట్లో మంద బెదిరితే ఏం చేయాలో నేర్చుకుంటాడు. ఈ నవలలో అడవి దృశ్యంగా కాక విద్యగా కనిపిస్తుంది. పట్టణంలో చదివిన చదువు పక్కన, బడికి వెళ్ళని మనుషుల చదువును సమానంగా నిలబెట్టిన పుస్తకం. మా గిద్దలూరు వైపు నుంచి చూసినా కనిపించేది అదే కొండ కనుక, ప్రతి పుటా తెలిసిన మనిషి చెబుతున్నట్లే చదివాను.

2021 అక్టోబరులో క్రిష్ దర్శకత్వంలో ఇది సినిమాగా వచ్చింది. కీరవాణి సంగీతం. తెలుగు నవలను అదే పేరుతో తెరకెక్కించే సాహసం ఈ రోజుల్లో అరుదు కనుక, ఆ ప్రయత్నానికి నమస్కారం. కానీ నవలలో లేని కథానాయిక సినిమాలోకి వచ్చింది. చాలా భాగం వికారాబాదు అడవుల్లో తీశారు. అడవి మారితే ఏం పోయిందని అడగవచ్చు. సామాన్య ప్రేక్షకునికి ఏమీ పోలేదు. కొండపొలం పోయివచ్చిన కాపరికి మాత్రం, తన ఇంటి కథను వేరొకరి ఇంట్లో కూర్చోబెట్టి చెప్పినట్లుంటుంది. నవల అడవి ముందు కూర్చుంది. సినిమా అడవిని తోరణంగా కట్టింది. నాకు నవలే ఎక్కువ ఇష్టం.

ఇక్కడొక ఆక్షేపణ వస్తుందని తెలుసు. కళకు రేషన్ కార్డు ఉంటుందా? ఊరు చూసి పాటను ప్రేమిస్తామా? అలా అయితే సొంత ఊరి నాసిరకం కథ కూడా గొప్పదే అవుతుంది కదా?

ఆ మాటలో సత్యముంది. మా ఊరి పేరు వచ్చినంత మాత్రాన ఒక పుస్తకాన్ని నెత్తిన పెట్టుకోను. నేను కేరళ చూడలేదు. బెంగాలు పల్లెలూ చూడలేదు. అయినా 1955 నాటి 'పథేర్ పాంచాలి' నాకు పరాయిది కాలేదు. ఎందుకు కాలేదంటే, సత్యజిత్ రాయ్ ఆ పల్లెను అన్ని పల్లెలకూ నమూనాగా తీయలేదు. ఆ ఇంటి కూలిన గోడను ఆ ఇంటి గోడగానే తీశాడు. తన చోటును ఖచ్చితంగా చెప్పిన కథే దూరదేశానికి చేరుతుంది. ఎక్కడైనా జరగగలదని చెప్పే కథ చాలాసార్లు ఎక్కడా జరగనట్లే ఉంటుంది. కాబట్టి నేనడుగుతున్నది ఊరి మీద అభిమానం కాదు, ఊరి మీద శ్రద్ధ.

శ్రద్ధ పెట్టడానికి మా దగ్గర ఏముందని అనేవారికి ఒక ఉదాహరణ. కంభం చెరువు ఉంది. రెండు కొండల మధ్య గుండ్లకమ్మకు కట్ట వేసి, విజయనగర కాలంలో నిలిపిన నీరు. కృష్ణదేవరాయల దేవేరి, గజపతుల ఆడపడుచు వరదరాజమ్మ కట్టించిందని చెబుతారు. 2020లో దానికి ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడంగా గుర్తింపు వచ్చింది. కరువుకు పేరుపడ్డ నేల మీద అంత పెద్ద చెరువు నిలిచి ఉండటమే ఒక కథ. దాని తూము తెరిచే మనిషిది మరొక కథ.

ఇన్నాళ్ళూ మా ప్రాంతం మీద ఎవరో వచ్చి సినిమా తీస్తారని, ఎవరో కథలు రాస్తారని ఎదురుచూశాను. పెదనాన్నకు నేను చెప్పిన జవాబులోనూ ఆ "ఎవరో" ఉన్నారు. నామిని మిట్టూరు కోసం, ఖదీర్ దర్గామిట్ట కోసం ఎవరో వస్తారని కూర్చోలేదు. ఇంట్లో అమ్మ మాట్లాడిన మాటను కాగితం మీద పెట్టారు. పెద్ద నవల రాసే శక్తి నాకు లేదు, సినిమా తీసే డబ్బు అంతకన్నా లేదు. రాయి చీల్చిన మనుషులు మా వీధిలో ఇంకా కొందరున్నారు. వారి దగ్గర కూర్చుని, ఒక్కొక్క పనికి వారు వాడే మాటను వారు పలికినట్లే రాసుకోవడం నావల్ల అవుతుంది. గత నెల మొదలుపెట్టాను. ఇప్పటికి నాలుగు పుటలైంది.

శ్రీకాకుళం మిత్రునికి ఈ రోజు జవాబు పంపాను. జాబితాలో పాట, సినిమా, పుస్తకం తరువాత నాలుగో వరుస ఒకటి గీసి, దానికి "రాయవలసినది" అని పేరు పెట్టి, పలకరాయి అని రాశాను. ఇది చదివే మిత్రులు కూడా తమ తమ ఇష్టాలు తెలియజేస్తే సంతోషిస్తాను. కొత్త పాటలు, కొత్త పుస్తకాలు తెలుస్తాయి. ఆ నాలుగో వరుస మాత్రం ఖాళీగా వదలకండి.