గుండె లయ తప్పిన వేళ

2017 మార్చి 12న నంద్యాల శాసనసభ్యులు శ్రీ భూమా నాగిరెడ్డి ఆళ్లగడ్డలోని స్వగృహంలో గుండెపోటుకు గురయ్యారు. నంద్యాలకు తరలించినా ప్రాణం దక్కలేదు. ఆయన వయస్సు 53 ఏళ్లు. ఆ చికిత్సపై వ్యాఖ్యానించడం నా అభిమతం కాదు. కాని ఒక ప్రశ్న నన్ను నేటికీ వెంటాడుతున్నది. ఈ రెండు ఊళ్ల మధ్య దూరం సుమారు 40 కిలోమీటర్లు. గుండె ఆగిన మనిషికి అంత వ్యవధి ఉంటుందా?

గుండె కుడి కర్ణిక పైభాగాన సైనస్ నోడ్ అనే చిన్న కణసముదాయం ఉన్నది. విశ్రాంతి వేళ నిమిషానికి 60 నుండి 100 పర్యాయాలు విద్యుత్ ప్రేరణ పుట్టేది అక్కడే. అది కర్ణికలను ముడుచుకొనజేసి, ఏ.వి. నోడ్ వద్ద సెకనులో పదో వంతు నిలుస్తుంది. కె.సి. కాలువకు తూము ఎట్టిదో, గుండెకు ఈ నోడ్ అట్టిది. ఆ జాప్యంలోనే జఠరికలు రక్తంతో నిండుతాయి. పిదప హిస్ కట్ట, పర్కింజీ తంతువుల ద్వారా ప్రేరణ జఠరికలకు చేరుతుంది.

ఈ లయ ప్రధానంగా మూడు విధాల చెడుతుంది. ప్రేరణ పుట్టుకలోనే లోపం రావచ్చు. దారిలో ఆటంకం ఏర్పడవచ్చు. లేదా పాత గుండెపోటు మచ్చ చుట్టూ ప్రేరణ నీటి సుడివలె తిరుగుతూ ఉండవచ్చు. కర్ణికలు అదిరితే రక్తం గడ్డకట్టి పక్షవాతం రావచ్చు. జఠరికలు అదిరితే రక్తప్రసరణే నిలిచిపోతుంది. గుండెపోటు రక్తనాళం మూసుకొనడం వల్ల వచ్చేది; ఇది విద్యుత్తు అస్తవ్యస్తమై వచ్చేది. మొదటిది తరచు రెండవదానికి దారి తీస్తుంది.

అట్టి స్థితిలో ఛాతీపై ఒత్తిడి గాని, విద్యుత్ షాక్ గాని అందకపోతే, గడచిన ప్రతి నిమిషానికీ బ్రతికే అవకాశం 7 నుండి 10 శాతం తగ్గుతుంది. కనుక రక్షణ ఆసుపత్రిలో కాదు, పక్కనున్న మనిషి చేతులలో ఉన్నది. 108కు ఫోన్ చేయించి, ఛాతీ నడుమ నిమిషానికి 100 నుండి 120 సార్లు, రెండు అంగుళాల లోతున నొక్కాలి. ఈ విద్య ప్రతి ఉన్నత పాఠశాలలోనూ నేర్పాలి. షాక్ ఇచ్చే ఏ.ఈ.డి. యంత్రం నంద్యాల, ఆళ్లగడ్డ బస్టాండ్లలోను, భక్తులు కొండలెక్కే అహోబిలంలోను ఉండి తీరాలి.

ఉద్యోగం తొలినాళ్లలో, ఇ.సి.జి. యంత్రం లేని కేంద్రంలో, దడ అని వచ్చినవారిని నీరసమని సరిపెట్టి పంపిన సందర్భాలు నాకూ ఉన్నవి. నేడు ఆ సాకు చెల్లదు. దడతోపాటు కళ్లు తిరిగి పడిపోయినా, ఇంటిలో చిన్నవయస్సువారు హఠాత్తుగా మరణించినా, ‘గ్యాస్’ అని ఉపేక్షించక ఇ.సి.జి. తీయించుకొనండి.